పసిబిడ్డల మూర్ఛలు - పెద్దల బాధ్యత



పసిబిడ్డలకు వచ్చు మూర్ఛలను గూర్చియు, వానిలో కొన్నింటికి మూలమైన మెదడు నిర్మాణలోపములను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది వైద్యులతో చెప్పదగిన విషయము గదా, మాతో నేల యని మీరడుగవచ్చును. మన గూడెములలో బిడ్డకు మూర్ఛ వచ్చిన రాత్రి మొదట కబురు పోవునది ఇంటి అవ్వకు, ఊరి పెద్దకు, దిసారికి. బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుటయా, మానుటయా యనునది వారి మాటపై నిలుచును. ఆ మాట సకాలమున వెలువడవలెనను కోరికతోనే ఈ ప్రసంగము చేయుచున్నాను.

మూర్ఛ యననేమి? మెదడులో కోట్లకొలది నాడీకణములు కలవు. అవి స్వల్పమైన విద్యుత్తు మూలమున ఒకదానితో నొకటి సంభాషించుచుండును. సంతలో ఎవరి బేరము వారు చేసికొనుచున్నంతవరకు వ్యవహారము సాగును. అందరును ఒక్క పెట్టున కేకలు వేయ మొదలిడినచో ఏ బేరమును సాగదు. అటులే కణములన్నియు ఒక్కమారుగా విద్యుత్తును వెడలగ్రక్కినప్పుడు కాలుసేతులు కొట్టుకొనును, కనులు పైకి పోవును, తెలివి తప్పును. ఇదియే మూర్ఛ. ఈ విద్యుత్తును తలపైనుండి కాగితముమీద గీతలుగా వ్రాసి చూపు విధానమును జర్మనీదేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించెను. ఈ.ఇ.జి. యని నేడు ఆసుపత్రులలో పిలుచు పరీక్ష యదియే.

మన పూర్వులకును ఈ వ్యాధి తెలియనిది కాదు. చరకసంహితయందు అపస్మారమను పేర దీని లక్షణములును చికిత్సయు చెప్పబడియున్నవి. నేడు ప్రపంచమున సుమారు 5 కోట్లమంది మూర్ఛవ్యాధి కలవారున్నారు. సరియైన వైద్యము దొరకినచో వారిలో పదింట ఏడుగురు మూర్ఛలు లేక బ్రతుకగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇది ఎన్నడును మరువరాని మాట.

ఇక మెదడు నిర్మాణలోపముల సంగతి వినుడు. తల్లి గర్భమున మూడవ నెల మొదలు కొన్ని మాసములపాటు శిశువు మెదడులో ఒక గొప్ప ప్రయాణము జరుగును. నాడీకణములు మెదడు లోతట్టున పుట్టి, సన్నని దారములవంటి తీగెలను పట్టుకొని పైపొరకు ఎగబ్రాకును. లోయలోనివారు కాలిబాటలవెంట కొండ యెక్కి తమతమ మెట్టలపై గుడిసెలు వేసికొనునట్లు, ఆ కణములు పైపొరలో ఆరు వరుసలుగా స్థిరపడును. పిదప మెదడు పైభాగము ముడుతలు ముడుతలుగా ఏర్పడును. అక్రోటుకాయ పప్పును చూచినవారికి ఆ రూపము స్ఫురించును.

ఈ ప్రయాణమున కొన్ని కణములు త్రోవలో నిలిచిపోయినచో వరుసలు సరిగా నేర్పడవు, ముడుతలు పడవు. మెదడు నున్నగా నుండిపోవును. దీనినే లిస్సెన్సెఫలీ యందురు. గ్రీకుభాషలో నున్నని మెదడని దాని యర్థము. మరికొందరికి మెదడులో ఒక్క భాగమున మాత్రమే కణముల అమరిక తప్పును. ఇంకొక వ్యాధియందు మెదడులో గట్టి గడ్డలవంటివి ఏర్పడును. దానిని 1880లో ఫ్రాన్సు వైద్యుడు బూర్నెవిల్ వర్ణించెను. ట్యూబరస్ స్క్లెరోసిస్ అని దాని పేరు. ఈ వ్యాధి గల బిడ్డ శరీరముపై ఆకు ఆకారముగల తెల్లని మచ్చలు పుట్టుకనుండియే కానవచ్చుట కలదు. మూర్ఛలు వచ్చు బిడ్డకు ఇట్టి మచ్చలున్నచో వైద్యునికి తప్పక చూపవలెను.

ఇవి అరుదైన వ్యాధులు. వీనికి మూలము జన్యువులయందున్నది. జన్యువులనగా శరీరము నిర్మించుటకు తల్లిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు వ్రాతప్రతివంటివి. నున్నని మెదడునకు కారణమైన ఒక జన్యువును 1993లో కనుగొనిరి. దానిలోని దోషము చాలమంది బిడ్డలలో క్రొత్తగా తనంతట తానే ఏర్పడునది. తల్లియందును లేదు, తండ్రియందును లేదు. ప్రతి వ్రాయునప్పుడు ఒక అక్షరము తప్పిపోయినట్లు జరిగినది. కావున తల్లి గ్రహణమునాడు బయట తిరిగెననియు, దేవత కోపించెననియు, కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదనియు నిందించుట అన్యాయము. బిడ్డ దుఃఖమునకు తోడు ఈ నింద తల్లికి రెండవ దుఃఖము.

అయితే మరికొన్ని లోపములు వేరువిధముగా వచ్చును. తల్లిదండ్రులిద్దరియందును ఒకే దోషము గుప్తముగా నుండి, వారు మాత్రము ఆరోగ్యముగానే యుందురు. అట్టి దంపతులకు ప్రతి కాన్పునందును నాలుగింట ఒకవంతు బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము కలదు. మేనరికములందు, విశేషించి మేనమామ మేనకోడలిని పెండ్లాడినచోట, ఒకే దోషము ఇరువురియందు నుండుట కెక్కువ సావకాశము. మేనరికపు బిడ్డలలో పెక్కుమంది ఆరోగ్యవంతులే. కాని ఇంట ఒక బిడ్డ ఇట్టి వ్యాధితో పుట్టినచో, తరువాతి కాన్పునకు ముందే వైద్యుల సలహా పొందుట విజ్ఞత. సంబంధములు కుదుర్చునది పెద్దలే గనుక ఈ సంగతి మీకు విన్నవించితిని.

పసిబిడ్డ మూర్ఛలన్నియు ఒక్క రూపమున రావు. నేలబడి కొట్టుకొనుట యందరికిని తెలియును. తెలియని రూపమొకటి కలదు. మూడునెలలు మొదలు ఏడాది లోపు బిడ్డ, ముఖ్యముగా నిద్ర లేచినవేళ, ఉలికిపడినట్లు తల ముందుకు వంచి, చేతులు చాచి, దండము పెట్టునట్లు క్షణకాలము ముడుచుకొనును. వెంటనే విడిచి, మరల ముడుచుకొనును. ఇట్లు వరుసగా పదియిరువదిమార్లు జరుగవచ్చును. ఇంటివారు కడుపునొప్పి యనియో, ఉలుకనియో తలంతురు. క్రమముగా బిడ్డ నవ్వుట మానును. తల్లి ముఖము చూచుట మానును. నేర్చినదంతయు మరచును.

1841లో ఇంగ్లాండుదేశమున విలియం వెస్ట్ అను వైద్యుడు తన కన్నకొడుకునందే ఈ వ్యాధిని చూచెను. బిడ్డకు నాలుగునెలల వయస్సున తల వంచుట మొదలాయెను. జలగలు పట్టించెను, విరేచనపుమందు నిచ్చెను, నల్లమందు నిచ్చెను. ఏదియు ఫలింపలేదు. తుదకు ఈ వ్యాధి యెరిగినవారెవరైన నుందురేమోయని లాన్సెట్ అను వైద్యపత్రికకు లేఖ వ్రాసెను. ఆనాడు ఆ తండ్రికి బదులు చెప్పగలవారు లేరు. 1958లో బెల్జియం వైద్యులు ఒక హార్మోను సూదిమందుచే ఈ ముడుపులు నిలుచుట చూపిరి. నేడు ఆ సూదిమందును, స్టెరాయిడు మందులును, విగాబట్రిన్ అను మందును వాడుకలో నున్నవి. ట్యూబరస్ స్క్లెరోసిస్ బిడ్డలకు విగాబట్రిన్ విశేషముగా పనిచేయును. వైద్యుడైన ఆ తండ్రికి దొరకని మందు నేడు మన గూడెపు బిడ్డకు దొరకును. అయితే అది యెంత త్వరగా మొదలైన నంత మేలు. ఈ మూర్ఛలు సాగుచున్న ప్రతి వారమును బిడ్డ బుద్ధిని కొంత హరించును. వచ్చే సంతవరకు చూతమనుకొనుట, కాఫీ కోతలు ముగియనిమ్మనుట ఇక్కడ పనికిరాదు.

పసిబిడ్డ మూర్ఛకు నిర్మాణలోపమొక్కటే కారణము కాదు. కాన్పునందు ఊపిరి అందకపోవుట, మెదడుపొరల జ్వరము, మన ప్రాంతమున మెదడునకెక్కిన మలేరియా కూడ కారణములగును. కావున జ్వరముతో మూర్ఛ వచ్చిన బిడ్డకు ఆ దినమే రక్తపరీక్ష జరుగవలెను.

మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసినది స్వల్పము. బిడ్డను ఒక ప్రక్కకు ఒత్తిగిల్ల పరుండబెట్టుడు. మెడచుట్టు బట్టను వదులు చేయుడు. పొయ్యిని, రాళ్లను దూరముగా నుంచుడు. గడియారము చూడుడు. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే మరల మూర్ఛ వచ్చినను 108 వాహనమును పిలువుడు. బండి రాని కొండలపై డోలీ కట్టుటకు నలుగురిని లేపవలసినవారు మీరే. నోట చెంచా గాని, నీరు గాని పెట్టరాదు. చేత తాళముచెవులు, ఇనుపముక్కలు పెట్టిన ఫలము లేదు. వాతలు పెట్టుట క్రూరము. దానివలన చర్మము కాలునేగాని మూర్ఛ పోదు. ఇంట సెల్ ఫోను ఉన్నచో బిడ్డ ముడుచుకొను తీరును చిత్రము తీసి వైద్యునికి చూపుడు. పది మాటలకన్న అది మేలు.

దిసారిని పిలువవద్దని నేననను. మ్రొక్కుబడి మీ యిష్టము. కాని బిడ్డ ఆసుపత్రికి బయలుదేరిన పిదప కోడిని కోయుడు. ఆ మాట దిసారి నోటనే పలికించగలిగితిరా, అంతకన్న మేలు లేదు.

ఎక్కడికి పోవలెను? మొదట చింతపల్లి ప్రభుత్వాసుపత్రికి, అచ్చటివారు పంపినచో పాడేరు గాని నర్సీపట్నము గాని, పిదప విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రికి. తలను చిత్రించు ఎం.ఆర్.ఐ. పరీక్షవలన మెదడు రూపము తెలియును. లోపము ఒక్క భాగమున మాత్రమే యున్నచో కొందరికి శస్త్రచికిత్సవలనను మేలు కలుగును. జన్యుపరీక్షలకు హైదరాబాదులో నిమ్స్ మొదలగు సంస్థలు కలవు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలయందును, బడులయందును పిల్లలను పరీక్షింతురు. ఆశా కార్యకర్తకు తెలిపినచో ఆమె దారి చూపును.

మందు మొదలిడిన పిదప మూర్ఛ తగ్గినదని మీయంతట మీరు మానరాదు. అకస్మాత్తుగ మానినచో మూర్ఛలు తీవ్రముగా తిరిగి వచ్చును. వానకాలమున గెడ్డలు పొంగి దారులు తెగును గనుక ముందుగానే మందు నిలువ చేసికొనవలెను. లంబసింగి చలిలో రాత్రులు మంట వేసికొనుట మనకు అలవాటు. మూర్ఛ గల బిడ్డను మంటయొద్దను, గెడ్డయొద్దను ఒంటరిగా విడువరాదు.

గర్భిణులు ఆదినుండి ఆసుపత్రిలో పేరు వ్రాయించుకొనవలెను. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వేసికొనవలెను. జీలుగుకల్లు గాని, సారా గాని త్రాగరాదు. మద్యము గర్భస్థశిశువు మెదడునకు విషము. మూర్ఛకు మందు వాడుచున్న స్త్రీ గర్భము ధరింపక మునుపే వైద్యునితో చెప్పవలెను. కొన్ని మందులు, ముఖ్యముగా వాల్ప్రోయేటు, శిశువునకు హానికరము.

ఒక కఠినసత్యమును కూడ చెప్పవలసియున్నది. మెదడంతయు నున్నగా నున్న బిడ్డకు ఆ ముడుతలను తెచ్చిపెట్టు మందు నేటికిని లేదు. మూర్ఛలు తగ్గించవచ్చును. ఆహారము పొరబోకుండ తినిపించుట, కాలుసేతులు బిగిసిపోకుండ వ్యాయామము చేయించుట నేర్పవచ్చును. అట్టి బిడ్డకు సదరం ధ్రువపత్రము తెప్పించి, ప్రభుత్వ సహాయమందించుటకు పెద్దలు తోడ్పడవలెను. తల్లి పోడునకు పోయినప్పుడు గంటసేపు బిడ్డను చూచుకొను మనిషి ఊరిలో నుండవలెను. కుదరని వ్యాధికి ఊరు చేయగల వైద్యమిది.

రేపు మీ గూడెమున ఏ తల్లియైనను బిడ్డను ఒడిలో నిడుకొని వచ్చి, వీడు మాటిమాటికి దండము పెట్టుచున్నాడు తాతా, యని నవ్వుచు చెప్పవచ్చును. మీరు నవ్వక, ఆ పూటయే ఆమెను ఆసుపత్రికి పంపుడు.