ఇంగ్లీషున వర్ణన వ్రాయుట
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునకు వచ్చినవాడు గ్రంథములను గూర్చి మాటాడవలెను. కాని ఇచ్చటి చదువరులలో ఇంగ్లీషు నేర్చుకొను బాలబాలికలు పెక్కుమంది కలరని కార్యదర్శిగారు చెప్పుటచే, ఆ భాషలో వర్ణన వ్రాయుటను గూర్చి కొన్ని మాటలు విన్నవించెదను.

నా పదునాలుగవ యేట మా యూరి చెరువుకట్ట కుంగినది. చదువుకొనుచున్న పిల్లవాడనని ఇంగ్లీషు అర్జీ వ్రాయుపని నాకు అప్పగించిరి. నేను నిఘంటువు ముందు పెట్టుకొని, చెరువు పురాతనమనియు, సుందరమనియు, ఆపద మహాభయంకరమనియు రెండు పుటలు నింపితిని. అధికారి ఓపికగా చదివి, "కట్ట ఎక్కడ కుంగిందోయ్ అబ్బాయీ?" అని అడిగెను. ఆ సంగతి అందులో లేదు!

మరునాడు తాతగారి వెంట కట్టపై నడచితిని. దక్షిణపు తూమునకు పది గజముల దూరమున బండిచక్రమంత గొయ్యి పడినదనియు, కట్ట దిగువను ఊట నీరు బురదగా వచ్చుచున్నదనియు వ్రాసితిని. అన్నియు చిన్నమాటలే. ఊట బురదగా వచ్చుట లోపలి మన్ను కొట్టుకొనిపోవుచున్నదనుటకు గుర్తు. ఆ ఒక్క మాట చూచి ఓవర్సీరుగారు వారము లోపల వచ్చిరి. కట్ట బాగగుటకు మరి రెండేండ్లు పట్టినది. అది నా ఇంగ్లీషు దోషము కాదు.

మనకు ముఖ్యమైన చిక్కు క్రియాపదమువద్ద వచ్చును. ఆకులు గలగలలాడినవందుము, వాగు గలగల పారినదందుము, చుక్కలు మిణుకుమిణుకుమన్నవందుము. ఇట్టి జంటపదములు మన భాషకు గొప్ప ఆస్తి. ఇంగ్లీషువాడు ఆ పనిని పెక్కుమార్లు క్రియలోనే ఇమిడ్చును. ఆకులకు రసిల్, వాగునకు గర్గిల్, చుక్కలకు ట్వింకిల్. నడకనే చూడుడు: కుంటినచో లింప్, తూలినచో స్టాగర్, కాళ్లీడ్చినచో షఫిల్. 'వాక్' అని వ్రాసి దానికి 'వెరీ స్లోలీ' తగిలించుటకంటె, షఫిల్ అన్నచో ముసలాయన మన వాకిటిలోనికి వచ్చినట్లే యుండును.

చెరువు నాలుగు తూములను 'ఈజ్ హేవింగ్' అని వ్రాయువారు కలరు. స్థిరముగా నున్నదానికి 'హేజ్' చాలును. ఇక 'ఏ', 'ది' అనువానికి మన 'ఒక', 'ఆ' అనునవి కొంతవరకే త్రోవ చూపును. తక్కినది చదువగా చదువగా పట్టుబడవలసినదే.

వయసు మించినదని పెద్దలు వెనుదీయ నక్కరలేదు. 1857లో పోలిష్ కుటుంబమున జన్మించిన జోసఫ్ కాన్రాడ్, ఇరువదియేండ్లు వచ్చిన పిమ్మట ఇంగ్లీషు నేర్చి, 1895లో ఆ భాషలో తొలి నవల ప్రకటించెను. ఓడలపై నావికుడుగా తిరిగి, చూచినదానిని వ్రాసినవాడాయన.

పిల్లలు రేపు ఉదయము రావిచెట్టు క్రింద కూర్చుండి, 'బ్యూటిఫుల్' అను మాట లేకుండ అయిదు వాక్యములు వ్రాసి తెండు. సాయంకాలపు బస్సువరకు నేను ఈ గ్రంథాలయముననే యుందును.