చుక్క నీరు పనికిరాని చోట



చిత్తూరు కలెక్టరేటులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, రసాయన శాస్త్రం నాది కాదు. 2020లో తిరుపతి స్విమ్స్‌లో నా ముక్కులో పుల్ల పెట్టి కోవిడ్ పరీక్ష చేశారు. ఆ పరీక్షకు వాడే చిన్న డీఎన్ఏ ముక్కల తయారీ గురించి హైదరాబాదు ల్యాబులో పనిచేసే మా మనవరాలు చెప్పింది.

ఒక్కొక్క అక్షరాన్నే గొలుసుగా అతికిస్తారు. ఆ పని జరిగే ద్రవం ఎసిటోనైట్రైల్. అక్షరాలను చక్కగా కరిగిస్తుంది, తాను వాటి జోలికి పోదు. అందులో ఏమాత్రం తడి ఉన్నా, రావలసిన అక్షరం గొలుసును వదిలి నీటితో జతకడుతుంది. నీటికి మొహం వాచిన సీమవాణ్ణి గదా, నవ్వొచ్చింది.

లెక్క మాత్రం నేనే వేశాను. 20 అక్షరాలకు 19 అతుకులు. ప్రతి అతుకులో నూటికి 99 కుదిరితే చివరకు సుమారు 83 గొలుసులు పూర్తవుతాయి. 95 కుదిరితే 38 మాత్రమే!

అక్షరం కొసనున్న మూత తీసే ఆమ్లాన్ని డైక్లోరోమీథేన్‌లో కలుపుతారు. పనికి మంచిదే, పీల్చేవాళ్లకే చేటు. పెద్ద ఎత్తున చేసేచోట బదులుగా టొలీన్ వాడుతున్నారట.

"మీ దగ్గర ఏదమ్మా?" అన్నాను.

"పాతదే తాతా. గాలి లాగేసే అరలోనే చేస్తాంలే" అంది.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.