కొండదారిలో దంపతులు
(వాడరేవులో జరిగిన శ్రీశైల పాదయాత్రికుల సభలో ఒక భక్తుడు చేసిన ప్రసంగ పాఠం)



సముద్రపు టొడ్డున నిలిచి కొండను గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఈ తీరానికీ శ్రీశైలానికీ ఉన్న బంధం నిన్న మొన్నటిది కాదు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆ రెడ్డిరాజుల ఓడరేవు మన పొరుగున ఉన్న మోటుపల్లి. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పెద్దలు చెప్పే త్రిపురాంతకం మన ప్రకాశం సీమలోనిదే. కాబట్టి ఆ కొండ మనకు పరాయిది కాదు.

నేడు బస్సెక్కితే ఒక్క పూటలో స్వామి సన్నిధికి చేరవచ్చు. అయినా శివరాత్రికీ ఉగాదికీ వేలాది మంది నల్లమల అడవి గుండా కాలినడకనే వెళుతున్నారు. ఆత్మకూరు చేరువలోని వెంకటాపురం నుండి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా సాగే ఆ దారి 40 కిలోమీటర్లకు పైబడినది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, తొలి నెలల్లోనే నల్లమల దాటి శ్రీశైలం దర్శించాడు. తన కాశీయాత్ర చరిత్రలో ఆ అడవి దారిని వివరంగా వర్ణించాడు. దాదాపు 200 ఏళ్లు గడచినా అవే మజిలీల పేర్లు నేటికీ యాత్రికుల నోట నానుతూనే ఉన్నాయి.

ఈ దారిని భార్యాభర్తలు కలసి నడవటంలో ఒక విశేషమున్నది. మన వివాహ విధిలో తాళి కట్టినంతనే తంతు ముగియదు. వధూవరులు అగ్నిసాక్షిగా ఏడడుగులు కలసి నడవాలి. ఏడవ అడుగుతో వారు ఒకరికొకరు స్నేహితులవుతారని ఆ విధి భావం. అంటే దాంపత్యం నడకతో మొదలైనది. ఆ తరువాత సంసారంలో పడి మనం నడక మరచిపోతాము. ఒకరు పొలానికి, ఒకరు వంటింటికి. ఒకరు ముందు, ఒకరు వెనుక.

మా దంపతుల సంగతే మనవి చేస్తాను. మాది నల్లరేగడి సేద్యం, పత్తి, మిరప. వివాహమై 32 ఏళ్లయినా మా మధ్య మాటలన్నీ విత్తనాలు, కూలీలు, కాటా, వడ్డీ, పిల్లల చదువుల చుట్టూనే తిరిగేవి. ఒక శివరాత్రికి ఇద్దరమూ సంచులు భుజాన వేసుకొని వెంకటాపురం నుండి నడక సాగించాము. అటుకులు, బెల్లం, రెండు దుప్పట్లు, నీళ్లు, అంతే సామాను. రాత్రికి పెద్దచెరువు చేరి, అన్నదానం వారి పందిట్లో భోజనం చేసి, చెట్టు కింద నడుము వాల్చాము.

ఆ చీకటిలో నా ధర్మపత్ని ఒక మాట చెప్పింది. చాలా ఏళ్ల క్రితం మా పత్తిచేను పచ్చపురుగు పాలై, అప్పు మిగిలిన ఏడు ఒకటున్నది. "ఆ ఏడు మీరు నిద్రపోయాక రోజూ పురుగుమందు డబ్బాలు లెక్కపెట్టుకునేదాన్నండీ. ఒకటి తగ్గినా నాకు తెలియాలని" అన్నది. నేను చాలాసేపు పలకలేకపోయాను. ఆ తరువాత, ఆ రాత్రులలో నా మనసు ఎంతదూరం పోయి వచ్చిందో నేనూ మొదటిసారి ఆమెకు చెప్పాను. ఒకే కప్పు కింద ఇద్దరమూ ఒకే భయాన్ని విడివిడిగా మోశాము.

ఇంటి దగ్గర ఈ మాట ఎందుకు రాలేదని తరువాత ఆలోచించాను. ఇంటిలో మాట తప్పించుకోవటానికి ఏదో ఒక పని ఉంటుంది. అడవిలో ముందున్నది దారి, పక్కన ఉన్నది తోడు. రోజంతా ఒకే అలసటను పంచుకున్నవారికి మాట దాచుకోవలసిన అవసరం కనబడదు.

మరునాడు భీముని కొలను వద్ద లోయలోనికి దిగి, మరల కైలాస ద్వారానికి నిట్టనిలువుగా ఎక్కవలసి వచ్చింది. దిగేటప్పుడు ఆమె మోకాళ్ల నొప్పి చూసి ఆమె సంచి నేను తీసుకున్నాను. ఎక్కేటప్పుడు నా ఆయాసం చూసి నీళ్ల సీసాలు ఆమె తీసుకున్నది. ఎవరూ ఎవరినీ అడగలేదు.

శ్రీశైలం జ్యోతిర్లింగమూ శక్తిపీఠమూ ఒకేచోట వెలసిన క్షేత్రం. అక్కడ స్వామి ఒంటరి కాడు, భ్రమరాంబా సమేతుడు. ఆ అడవి బిడ్డలైన చెంచులు ఆయనను చెంచు మల్లయ్య అని, తమ ఇంటి అల్లుడని పిలుచుకుంటారు. జపాను దేశంలో షికోకు ద్వీపాన 88 ఆలయాలను చుట్టివచ్చే యాత్రికులు తమ టోపీల మీద "ఇద్దరం కలసి నడుస్తున్నాము" అనే భావం గల మాటలు వ్రాసుకుంటారు. ఆ రెండవవారు వారి గురుదేవులు. ఒంటరిగా వెళ్లిన యాత్రికునికి సైతం తోడు ఉన్నదని ఆ మాటల భావం. తోడున్నవారు ఆ తోడును గుర్తించటమే యాత్రాఫలమని నా మనవి.

యాత్రికులకు రెండు మాటలు. ఆ అడవి 1983 నుండి పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతించిన రోజులలోనే, గుంపుతోనే నడవండి. ప్లాస్టిక్ సంచులు అక్కడ వదలవద్దు. ఇద్దరిలో నెమ్మదిగా నడిచేవారిని ముందుంచండి. వారి అడుగే ఇద్దరి అడుగు కావాలి. కాలు సహకరించనివారు దిగులుపడవద్దు. ఊరి గుడి చుట్టూ సాయంత్రం కలసి చేసే ప్రదక్షిణ కూడా నడకే.

దాతలకు ఒక విన్నపం. పెద్దచెరువు పందిట్లో మాకు పెట్టిన ఆ పిడికెడు అన్నం ఎవరి దానమో మాకు తెలియదు. ఆ అన్నం లేకుంటే ఆ రాత్రి అక్కడ ఆగేవారమూ కాదు, ఆ మాటా వచ్చేది కాదు. మీరిచ్చే బియ్యం, మంచినీరు ఎన్ని కాపురాల బరువును దింపుతున్నవో మీకు కనబడకపోవచ్చు. స్వామికి కనబడుతుంది.

శ్రీ భ్రమరాంబా మల్లికార్జునుల అనుగ్రహం అందరి ఇళ్లలో నిలుచుగాక. స్వస్తి.