తాడు కోస్తే చాలదు



వల తాడు ప్రొపెల్లరుకు చుట్టుకుంటే ఏమవుతుందో కాకినాడ, విశాఖ రేవుల్లో మరపడవల వారికి బాగా తెలుసు. ఇంజను ఆపి, తాడు కోసేస్తారు. అనుభవజ్ఞులు అక్కడితో ఊరుకోరు. షాఫ్టును చేత్తో తిప్పి చూస్తారు. వంగిందా? ఇంజనుతో కలిపే బోల్టులు వదులయ్యాయా? షాఫ్టు బయటికి వెళ్ళే చోట నీరు ఎక్కువగా కారుతోందా? బిగిసిన నైలాన్ తాడు ఒరిపిడి వేడికి కరిగి సీలును పాడుచేయవచ్చు. అప్పుడు పడవ అడుగున మెల్లగా నీరు చేరుతుంది.

సహోదరుడా, "తాగుడు మానేశాను, ఇంకేమిటి?" అంటావా? తాడు తెగింది, దేవునికి స్తోత్రం! గాని అది నీ ఇంట్లో వంచినదేమిటి? నీ భార్య నమ్మకమా? పిల్లల ధైర్యమా? 139వ కీర్తన చివర దావీదు తన హృదయాన్ని పరిశోధించమని దేవుని వేడుకొన్నాడు. ఈ రాత్రి నీవూ వేడుకో. రేపు నీ భార్యను అడుగు. ఆమేన్.