పదును దాటితే విత్తనం మొలవదు

(సంజామలలో జరిగిన మండల రైతు సంఘం సమావేశంలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



శనగ ధర గురించి, కాలువ నీళ్ల గురించి పెద్దలు చెప్పినారు. నాకిచ్చిన పది నిమిషాలు పిల్లోళ్ల చదువు గురించి మాట్లాడతా. రైతు సంఘంలో ఈ ముచ్చటేందని కొందరికి అనిపించొచ్చు. ఎందుకో చెప్పాలంటే ముందు నా ఇంటి సంగతి చెప్పాల.

నేను పదో తరగతి దాకా చదివినవాణ్ని. మా పెద్దబిడ్డ నాకంటే చురుకు. నేను బోరు మోటారు విప్పితే పక్కన కూర్చుని ఏ బోల్టు ఎక్కడిదో వరసగా పెట్టేది. పదిలో మంచి మార్కులు తెచ్చుకుంది. వారం తిరగకముందే ఒక కాలేజీ మనిషి ఇంటికొచ్చి, ఇంజనీరింగ్ సీటు ఖాయమన్నాడు. దాచిన శనగలు అమ్మినా. చాలక వడ్డీకి తెచ్చి ఫీజు కట్టినా. తెల్లవారుజామున మొదలుపెడితే రాత్రి పది దాకా బట్టీ పట్టడమే. ఏడాదికి పిల్ల చిక్కి సగమైంది. లెక్కలంటే ఇష్టపడే పిల్ల లెక్కలంటేనే భయపడింది. ఇంటికి తెచ్చుకున్నా. తర్వాత డిగ్రీ చేసి, ఇప్పుడు నంద్యాలలో ఒక దుకాణంలో జమాఖర్చులు రాస్తుంది. బిడ్డ బాగానే ఉంది. కానీ మోటారు విప్పాల్సిన చెయ్యి అది.

అవే మార్కులతో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టొచ్చని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫీజు అడిగే మనిషి మా ఇంటికి దారి కనుక్కొని వచ్చినాడు. సర్కారు సీటు కబురు మాత్రం మా ఊరి దాకా రాలేదు.

ఈ ట్రిపుల్ ఐటీలు ఏమిటో కొంచెం చెప్తా. 2008లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినారు. ఇడుపులపాయ, నూజివీడు, బాసర, మూడు చోట్ల మొదలైంది. బాసర ఇప్పుడు తెలంగాణలో ఉంది. మన వైపు ఒంగోలు, శ్రీకాకుళం చేరినాయి. పది పాసైన పిల్లలను తీసుకుని అక్కడే ఉంచి ఆరేళ్లు చదివిస్తారు. రెండేళ్లు ఇంటర్‌తో సమానం, నాలుగేళ్లు బీటెక్. సీటు పది మార్కుల మీదే. కోవిడ్ కాలంలో పది పరీక్షలు రద్దయినప్పుడు ప్రవేశ పరీక్ష పెట్టినారు, తర్వాత మళ్లీ మార్కులకే వచ్చినారు. ఇంకో మంచి పద్ధతి ఉంది. హాస్టల్ వసతి లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు, గ్రేడ్ల కాలంలో 10కి 0.4 పాయింటు కలిపి లెక్కగట్టినారు. అది దానం కాదు. లేబొరేటరీ లేని బడిలో చదివి తెచ్చుకున్న మార్కుకు బరువెక్కువ, అంతే.

ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినారు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. గిండీలో ఇంజనీరింగ్ చదివి, అమెరికా పోయి, యంత్రం మనిషి మాటను గుర్తుపట్టేటట్లు చేసే పని మీద ఏళ్లు గడిపినారు. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు ఆయనకు వచ్చింది. కాటూరులో ఒక్కడే తెలివైనోడు పుట్టినాడా? ఆయనకు వాకిలి తెరుచుకుంది, మిగతావాళ్లకు తెరుచుకోలేదు.

అక్కడంతా బంగారమని నేను చెప్పను. తెలుగులో చదివినోళ్లు మొదట్లో ఇంగ్లీషుతో తిప్పలు పడతారు. పదిహేనేళ్లకే ఇల్లు విడిచిపోవాల. ఆడపిల్లను అంతదూరం పంపేదానికి తల్లికి గుండె ఒప్పదు. కానీ 2016 నుంచి మనకు నంద్యాల–ఎర్రగుంట్ల రైలు ఉంది. సంజామలలో ఎక్కి ఎర్రగుంట్లలో దిగితే ఇడుపులపాయ ఎంత దూరమో ఆలోచించండి. మన భయాలకంటే తక్కువే.

దీంతో సేద్యానికి ఏం సంబంధమంటారా? మన నల్లరేగడిలో వేసే జేజీ 11 శనగ ఆకాశం నుంచి రాలేదు, శాస్త్రవేత్తలు తీసిన రకం. మామూలు శనగ చెట్టు పొట్టిగా, నేలమీద పరుచుకుంటుంది, మిషన్‌కు అందదు. కూలీలు దొరకని కాలమొచ్చేసరికి, మన నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్లే ఎన్‌బీఈజీ 47 రకం తీసినారు. అది నిటారుగా పెరుగుతుంది, మిషన్‌తో కోయొచ్చు. మన కష్టం తెలిసినోళ్లు ల్యాబులో ఉంటే ఏం జరుగుతుందో అందులోనే కనపడుతుంది. శనగ కోసి నడుము పట్టేసిన తల్లి బిడ్డ ఆ కుర్చీలో కూర్చుంటే ఇంకెంత జరుగుతుందో!

కాబట్టి సంఘం నాలుగు పనులు చేయాలని నా మనవి.

ఒకటి. పది పరీక్షలు రాసే పిల్లల జాబితా ప్రతి ఊళ్లో మార్చిలోనే తయారు కావాల. కులం, ఆదాయం, చదువు సర్టిఫికెట్లు అప్పుడే తీయించాల. ఫలితాలు వచ్చినాక తిరిగితే తేదీ దాటిపోతుంది. ట్రిపుల్ ఐటీ రాకపోతే పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. వ్యవసాయ డిప్లొమా రెండేళ్లే. ఆ తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీకి పోవచ్చు. ఈ దారులన్నీ ఒక కాగితం మీద రాసి రచ్చకట్ట దగ్గర అంటించాల.

రెండు. హైస్కూల్లో సైన్సు సామాను బీరువాలో ఉందా, పిల్లల చేతుల్లో ఉందా? పాఠశాల కమిటీలో మన తల్లిదండ్రులు ఉన్నారు. నెలకొకసారి పోయి అడగాల.

మూడు. వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ సీట్లలో రైతు కోటా ఉంది. దానికి భూమి కాగితం చూపించాల. కౌలుకు చేసేవాని పేరున సెంటు భూమి ఉండదు. 2019 చట్టం కింద వచ్చిన పంట సాగుదారు హక్కు పత్రాన్ని ఆ కోటాకు లెక్కలోకి తీసుకోవాలని మనం తీర్మానం చేసి పంపాల. దున్నేవాని బిడ్డను రైతు బిడ్డ కాదనడం అన్యాయం.

నాలుగు. ఏడాదికొకసారి తొమ్మిది, పది తరగతుల పిల్లలను నంద్యాల పరిశోధన కేంద్రానికి తీసుకుపోదాం. విత్తనం ఎట్లా పుడుతుందో కళ్లారా చూడనీ. బస్సు ఖర్చు చందా వేసుకుందాం. మొదటి చందా నాది.

మనకు పదును విలువ ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. వాన పడి భూమి పదునయితే పెళ్లి భోజనం వదిలేసైనా గొర్రు కట్టేటోళ్లం. నాలుగు రోజులు దాటితే ఎంత మంచి విత్తనమైనా పుట్టలో పోసినట్టే. పిల్లకు పదిహేనేళ్లు నిండే వేసవి కూడా అట్లాంటిదే. మళ్లీ రాదు. నా ఇంట్లో ఒకసారి దాటిపోయింది.

ఈ కాగితంలో మా ఊరి పది పిల్లల పేర్లు రాసుకొచ్చినా. మొత్తం పదకొండు మంది, అందులో ఏడుగురు ఆడపిల్లలు. వచ్చే సమావేశానికి మీ మీ ఊళ్ల జాబితాలు తీసుకురండి.

సెలవు.