పరుగు పందెంలో నేను రాసిన రిజిస్టరు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడేవారికి కొదవ లేదు. అందుకని కార్యదర్శి గారు నన్ను "వేరే ఏదన్నా చెప్పండి" అన్నారు. నేను మారథాన్ పరుగు గురించి చెబుతానంటే ఆయన నా మోకాళ్ళ వంక చూసి నవ్వారు. ఆయన అనుమానం సబబే. నేను పరుగెత్తలేదు. పరుగెత్తినవారి పేర్లు రాశాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేసినవాడికి అంతకంటే మంచి పని ఎవరిస్తారు?

సంగతి ఇది. రెండేళ్ళ కింద చలికాలంలో మన కరీంనగర్ పిల్లలు కొందరు కలిసి ఒక చిన్న పరుగు పెట్టుకున్నారు. పొద్దున ఎల్.ఎం.డి. కట్ట మీద మనం నడుస్తుంటే మన పక్కనుంచి రివ్వున దూసుకుపోతారే, ఆ పిల్లలే. ఊరి చివరి నుంచి పంటచేల మధ్య రోడ్డు మీద పదిన్నర కిలోమీటర్లు పోవాలి, తిరిగి రావాలి. అది సగం మారథాన్. అదే దారి రెండుసార్లు తిరిగితే పూర్తి మారథాన్. సగం పరుగుకు నూరు మంది దాకా వచ్చారు. పూర్తి పరుగుకు పద్నాలుగు మందే.

హైదరాబాద్‌లో ఏటా ఆగస్టులో జరిగే పెద్ద మారథాన్‌లో మా మనుమడు ఒకసారి పాల్గొన్నాడు. అక్కడ ప్రతివారి నంబరుకూ ఒక చిప్పు ఉంటుంది. గీత దాటగానే సమయం దానంతట అదే యంత్రంలో పడుతుంది. మన పిల్లలకు అంత స్తోమత లేదు. ఫోనులో గడియారం పెట్టుకున్నారు గానీ, అది మొరాయిస్తే ఎట్లా అని ఒక భయం. "తాతా, నువ్వు గవర్నమెంటు ఆఫీసులో చేసినవు గదా, రిజిస్టరు రాస్తవా?" అని మా వీధి పిల్లవాడు అడిగాడు. ఒక లాంగ్ నోటుబుక్కు, రూళ్ళకర్ర, నీలం పెన్ను, ఎర్ర పెన్ను తీసుకుని తెల్లవారుజామున నాలుగింటికే హాజరయ్యాను. సర్వీసులో ఎన్నడూ అంత ముందు పోలేదు!

మారథాన్ అంటే ఎంత దూరమో ముందు చెబుతాను. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. యుద్ధంలో గెలిచిన వార్త చెప్పడానికి గ్రీసు దేశంలో ఒక సైనికుడు మారథాన్ అనే చోటు నుంచి ఏథెన్సు దాకా పరుగెత్తాడని ఒక కథ ఉంది. ఆ కథను పట్టుకునే 1896లో ఏథెన్సు ఒలింపిక్సులో మొదటిసారి ఈ పరుగు పెట్టారు. అప్పుడు దూరం సుమారు 40 కిలోమీటర్లు. స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు యువకుడు గెలిచాడు. 1908 లండన్ ఒలింపిక్సులో పెట్టిన 42.195 కొలతనే 1921లో ఖాయం చేశారు. మన దేశంలో శివనాథ్ సింగ్ అనే సైనికుడు 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ఈ దూరం పరుగెత్తాడు. ఆ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

ఇక చదును దారి సంగతి. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ పరుగెత్తాలి. మా మనుమడు ఆ ఎక్కుళ్ళను తలచుకుని ఇప్పటికీ నిట్టూరుస్తాడు. మన దగ్గర గుట్టలున్నా ఈ రోడ్డు వాటిని తప్పించుకుని పోతుంది. "దారి సాపుగుంటది, సుఖంగ ఉరకొచ్చు" అని అందరూ సంబరపడ్డారు. నేనూ అట్లాగే అనుకున్నాను. గీత దగ్గర కూర్చుని వచ్చినవారి మాటలు విన్నాక అది పూర్తి నిజం కాదని తెలిసింది.

చదును దారి మొదట్లో మోసం చేస్తుందట. ఎక్కుడు ఉంటే మనిషిని అదే ఆపుతుంది. చదునులో ఆపేది ఏదీ లేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మొదటి చుట్టు అందరికంటే ముందు ముగించాడు. నా పెన్ను మూత తీసేలోపల దాటిపోయాడు. రెండో చుట్టులో ముప్పై కిలోమీటర్ల దగ్గర కూలబడ్డాడు. మన ఒంట్లో కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే చక్కెర ఇంచుమించు అంత దూరానికే సరిపోతుందట. మొదట్లోనే దుబారా చేస్తే ఇంకా ముందే అయిపోతుంది. పరుగెత్తేవారు దాన్ని "గోడకు కొట్టుకోవడం" అంటారు. పదో తారీఖుకే జీతం ఖర్చు పెట్టుకున్న గుమాస్తాకు ఇరవయ్యో తారీఖున ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కనుక, ఆ కుర్రవాడి ముఖం చూడగానే విషయం బోధపడింది.

రెండో సంగతి కాళ్ళది. ఎక్కుడు దిగుడు ఉంటే ఒకసారి తొడలు, ఒకసారి పిక్కలు పనిని కాస్త పంచుకుంటాయి. చదునులో అడుగు అడుగూ ఒకటే రకం, దెబ్బ పడేది ఒకే చోట. పిక్కలు పట్టేసి నలుగురైదుగురు రోడ్డు పక్కనే కూర్చున్నారు.

మూడోది ఒంటరితనం. ఇది నేను అసలు ఊహించలేదు. హైదరాబాద్‌లో ఎప్పుడు చూసినా ముందొకరు వెనకొకరు ఉంటారు. ఇక్కడ సగం పరుగువాళ్ళు ఎనిమిది గంటలకల్లా ముగించి, ఉప్మా తిని, ఫొటోలు దిగి ఇళ్ళకు పోయారు. ఆ తరువాత ఆ పొడుగాటి రోడ్డు మీద పద్నాలుగు మందే. ఒకరికొకరు కనబడేది వెనక్కి తిరిగే చోట మాత్రమే. వానాకాలం పంట చేతికొచ్చిన రోజులు. రోడ్డుకు ఒక పక్క వడ్లు ఎండబోశారు. పరుగెత్తేవారు వడ్లను తొక్కకుండా రెండో పక్కనుంచి పోవాలి. వడ్లు నేర్పుతున్న ఒక ముసలమ్మ, "ఏమాయె బిడ్డా, ఎవరన్న తరుముతున్నరా?" అని అడిగిందని ఒకతను చెబితే అందరం నవ్వాం. కాని ఆ అమ్మ అడిగిన ఆ ఒక్క మాటతోనే తనకు మరో మూడు కిలోమీటర్లు ప్రాణం వచ్చిందని అతను అన్నాడు.

నాలుగోది నీళ్ళ సంగతి. ఎండ పెరిగిందని మంచినీళ్ళే పదే పదే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. వాంతులు కూడా అవుతాయి. ఓ.ఆర్.ఎస్. కలిపిన నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ కూడా పెట్టారు గనుక మన దగ్గర ఆ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పూర్తి పరుగు నాలుగున్నరకు మొదలైంది. గడువు ఆరున్నర గంటలు. అంటే పదకొండింటికి ముగింపు. పద్నాలుగు మందిలో ముగ్గురు మధ్యలో ఆగిపోయి బండెక్కి వచ్చారు. పది మంది చేరారు. ఒక్క నంబరు మిగిలింది. పదకొండయింది. నేను ఏం చేశానో మీరు చెప్పగలరు. ఎర్ర పెన్ను తీశాను, రూళ్ళకర్ర పెట్టాను, ఆఖరి పేరు కింద అడ్డంగా గీత గీశాను. హాజరు పట్టీలో సమయం దాటగానే ఎర్రగీత గీసే చెయ్యి అది. ఆలోచించలేదు. పిల్లలు ఆర్చి విప్పడం మొదలుపెట్టారు.

పదకొండు గంటల ఇరవై ఏడు నిమిషాలకు అతను వచ్చాడు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఆర్టీసీ కండక్టరు, యాభై దాటిన మనిషి. పరుగు కాదు, నడక కూడా కాదు. కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. ఆర్చి లేదు. రోడ్డు మీద సున్నంతో వేసిన గీత మాత్రం ఉంది. దాన్ని దాటి తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, నా టైము రాసిన్రా?" అని అడిగాడు.

"గడువు అయిపోయింది తమ్మీ, సర్టిఫికెట్ రాదు" అన్నాను.

"సర్టిఫికెట్ వద్దు సార్. ఆఖరు బస్సు ఎంత లేటయినా డిపోకు రాక తప్పదు. ఎన్ని గంటలకొచ్చిందో కంట్రోలరు రాసుకుంటడు. నాదీ రాయుండ్రి."

మిత్రులారా, ఆ మాటతో నాకు నలభై ఏళ్ళ కింద జరిగిన ఒక సంగతి కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడు నేను పాత ఆదిలాబాద్ జిల్లాలో, ఏజెన్సీ ప్రాంతంలో ఒక కార్యాలయంలో ఇన్‌వర్డు సీటులో ఉన్నాను. ఏ కార్యాలయమో ఎందుకు, తప్పు నాది. సబ్సిడీ మీద ఆయిల్ ఇంజన్లకు దరఖాస్తులు తీసుకుంటున్నాం. ఆ రోజే ఆఖరు తేదీ. అయిదు గంటలకు రిజిస్టరు మూసి ఎర్రగీత గీశాను. అయిదూ పదికి ఒక పెద్దమనిషి వచ్చాడు. కాళ్ళ నిండా దుమ్ము. కాగితం చాపాడు. "రేపు రా" అన్నాను. అతను ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి వరండాలో ముడుచుకుని పడుకుని ఉన్నాడు. తెల్లవారకముందే ఊరినుంచి బయలుదేరి దినమంతా నడిచి వచ్చాడట. కాగితం తీసుకున్నాను, మర్నాటి తేదీతో ముద్ర వేశాను. కొన్నాళ్ళకు "గడువు దాటినందున తిరస్కరించడమైనది" అని అది తిరిగి వచ్చింది. ఆ కవరు మీద అతని చిరునామా రాసింది కూడా నేనే.

ఆ ప్రాంతం నడకకు పెట్టింది పేరు. కేస్లాపూర్ నాగోబా పూజకు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా పాదయాత్రగా, చెప్పులు లేకుండా పోయి వస్తారు. వాళ్ళ వెనక గడియారం పట్టుకుని ఎవరూ నిలబడరు. అటువంటి గడ్డ మీద నేను పది నిమిషాలు లెక్కపెట్టాను.

నియమాన్ని నేను తప్పు పట్టడం లేదు. గడువు లేకుంటే పందెమూ జరగదు, ఆఫీసూ నడవదు. కాని గడువు దాటితే సర్టిఫికెట్ ఇవ్వవద్దన్నారు గానీ, వచ్చిన మనిషి వచ్చాడని రాయవద్దని ఎవరూ అనలేదు. ఆనాడు కూడా ఆ కాగితం తీసుకుని, "సాయంత్రం 5-10కి అందినది" అని రాసి, ఆనాటి తేదీ వేసి ఉంటే, పై అధికారి ఆలోచించుకునేవారు. ఒప్పుకునేవారో లేదో చెప్పలేను. కాని ఆ అవకాశం నేను లేకుండా చేశాను.

ఎర్రగీత కింద రాయడం మన శాస్త్రంలో లేదు. అయినా రాశాను. నంబరు, పేరు, చేరిన సమయం 11-27, పట్టిన కాలం 6 గంటల 57 నిమిషాలు. పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. రిజిస్టరు తిప్పి అతనికి చూపించాను. వేలు పెట్టి తన పేరు చదువుకున్నాడు. "మంచిగ రాసిన్రు సార్" అన్నాడు. ఆర్చి విప్పుతున్న పిల్లలు ఆ పని ఆపి వచ్చి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

తరువాత మా మనుమడు ఫౌజా సింగ్ గారి కథ చెప్పాడు. పంజాబు నుంచి ఇంగ్లండు పోయి స్థిరపడిన రైతు. 89వ ఏట మొదటి మారథాన్ పరుగెత్తాడు. 2011లో నూరేళ్ళ వయసులో టొరంటోలో ఎనిమిది గంటలకు పైగా శ్రమపడి పూర్తిచేశాడు. ఆయన చివరి కొద్ది దూరంలో ఉండగానే అక్కడా అడ్డుకట్టెలు విప్పేస్తున్నారట! పైగా పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదని గిన్నిస్ పుస్తకంవారు ఆయన పేరు ఎక్కించలేదు. మనలో ఎంతమంది సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ బడిపంతులు ఊహించి రాసింది కాదు? కాగితం లేకపోయినంత మాత్రాన ఆయన పరుగెత్తిన దూరం తగ్గుతుందా? 2025 జులైలో స్వగ్రామం దగ్గర రోడ్డు ప్రమాదంలో ఆయన కన్నుమూశారు.

మిమ్మల్నెవరినీ పరుగెత్తమని నేను చెప్పడం లేదు. మన మోకాళ్ళకు నడక చాలు. చదును రోడ్డయినా మొదట్లో నెమ్మదిగానే మొదలుపెట్టండి. బి.పి., షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి బయలుదేరండి.

నాది ఒకటే విన్నపం. పిల్లలు మళ్ళీ పరుగు పెడితే నీళ్ళ బల్లలకు మనుషులు కావాలంటారు. మొదటి గంటలకు చాలామంది దొరుకుతారు. ఆఖరి గంటకు ఎవరూ ఉండరు, అందరికీ పనులుంటాయి. మనకు మాత్రమే తీరిక ఉంది. ఆ ఆఖరి గంట మన సంఘం తీసుకుందాం. ఒక బల్ల, పది కుర్చీలు, ఒక కుండెడు మజ్జిగ. ఇంతకంటే ఖర్చు లేదు, కోశాధికారి గారు భయపడనక్కరలేదు. రిజిస్టరు నేను తెస్తాను. ఆఖరు మనిషి వచ్చేదాకా ఎర్ర పెన్ను జేబులోనే ఉంచుతానని మీ అందరి ముందు మాట ఇస్తున్నాను.