చారల దుస్తుల కథ
(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



మన విద్యార్థి వసతిగృహ పుస్తకాలయమున నుంచదగిన గ్రంథములనుగూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. ఉంచదగనిదాని నొకదానిని గూర్చియే విన్నవించెదను. ఏలయన నది నా మనస్సును మిక్కిలి నొప్పించినది.

అది ఐర్లండు దేశీయుడగు జాన్ బోయిన్ 2006లో ప్రకటించిన 'ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజమాస్' అను నవల. 2008లో చలనచిత్రముగను వచ్చినది. బ్రూనో యను తొమ్మిదేండ్ల బాలుని తండ్రి నాజీ నిర్బంధశిబిరమున కధికారి. ఆ బాలుడు కంచె కావల గూర్చుండు ష్మూయెల్ అను యూదు బాలునితో మైత్రి నెరపి, తుదకు వానివలె చారల దుస్తులు తొడిగి, కంచె క్రింద దూరి, వానితోగూడ విషవాయువుచే మరణించును. శిబిరము పేరును బాలుని నోట 'ఔట్-విత్' అని వక్రముగ బలికించిరి. అది ఆష్విట్జ్ అని యెల్లరకు దెలియును.

ఆష్విట్జ్ అననేమి? జర్మనులాక్రమించిన పోలండులో 1940 మొదలు 1945 జనవరి 27వ తేదీవరకు సుమారు 13 లక్షల మందిని దెచ్చి, 11 లక్షల మందిని జంపిన చోటు. చచ్చినవారిలో యూదులు దాదాపు 10 లక్షలు. తెచ్చినవారిలో బాలబాలికలు రమారమి 2 లక్షల 32 వేలు. పనికి పనికిరాని పసివాండ్రలో నత్యధికులను రైలు దిగినంతనే విషవాయుగృహములకు నడిపించిరి. విముక్తినాటికి సజీవులుగ నచట మిగిలిన బాలురు 700కు కొంచెము మించి! కంచెలో విద్యుత్తు ప్రవహించుచుండెడిది. గోపురములపై సాయుధులు కాచుచుండిరి. అట్టిచోట ష్మూయెల్ తీరికగ గూర్చుండి నెలలకొలది సంభాషించెనట!

"ఇది నీతికథ, చరిత్రము కాదు" అందురు. గ్రంథకర్తయు నట్లే పేర్కొనెను. పంచతంత్రమున నక్క మాటలాడిన నెవ్వరును మోసపోరు. దీనినో, పిల్లలు నిజమని నమ్ముచున్నారు. లండను యూనివర్సిటీ కాలేజీవారు 2016లో ప్రకటించిన పరిశోధనమున నాంగ్లదేశ విద్యార్థుల యూహలపై దీని ప్రభావము బయలుపడినది. 2020 జనవరిలో ఆష్విట్జ్ స్మారకసంస్థవారే, ఈ చరిత్ర నభ్యసించువారును బోధించువారును దీనిని వర్జింపవలెనని ప్రకటించిరి.

అయినను నా బాధకు మూలమీ పొరపాట్లు కావు. కథ ముగియునప్పటికి పాఠకుడెవ్వనికై కన్నీరు గార్చును? అధికారి కుమారునికై! వాడు పొరపాటున జచ్చెనని యయ్యో యందుము. ష్మూయెల్ పొరపాటున జావలేదు గదా. అట్టివారిని జంపుటయే యా తండ్రి యుద్యోగము. పైగా నా కుమారుడు యూదులెవరో యెరుగనంత యమాయకుడట. నాజీ పాలనమున పాఠశాలలే యూదద్వేషమును నూరిపోసెను. "మేమెరుగము" అనునది యుద్ధానంతరము పెద్దలు చెప్పిన సాకు. ఆ సాకు నీ కథ పసివాని నోట బెట్టినది. ఇది నేను సహింపజాలను.

మన పోషకులలో నొకరు, "మా మనుమరాలు చదివి యేడ్చినది, కరుణ బుట్టించు పుస్తకమెట్లు చెడ్డది?" అని నన్నడిగిరి. ఆ బాలిక కరుణ నిక్కమే, కాదనను. కాని నిజముగ నా వయస్సున నా బాధలు పడినవారి పలుకులే మనకు గలవు. ఆన్ ఫ్రాంక్ దినచర్య 1947లో వెలువడినది. ఆమెను 1944 సెప్టెంబరులో ఆష్విట్జ్‌నకు గొనిపోయిరి, మరుసటి యేడు బెర్గెన్-బెల్సెన్‌లో మృతినొందెను. ఎలీ వీజెల్ పదునైదవ యేట నా శిబిరమున నడుగిడి, తల్లిని, చిన్నచెల్లెలిని మరల జూడలేదు. ఆ వృత్తాంతమును 'నైట్' అను చిన్న పొత్తమున వ్రాసెను.

ఈ రెండింటి ప్రతులను నాలుగేసి చొప్పున వసతిగృహమునకు దెప్పించుటకు దాతలు ముందునకు రావలెనని ప్రార్థించుచున్నాను.